నీళ్ళను బట్టి చేప

కురబలకోట నుంచి కుప్పం దాకా చాలా ఇళ్ళలో తాగే నీళ్ళు వేరు, వాడుకునే నీళ్ళు వేరు. వాడకానికి బోరు నీళ్ళు. తాగడానికి ప్లాంటు నుంచి తెచ్చుకునే క్యాను, లేదంటే వంటింటి గోడకు తగిలించిన ఆర్వో. ఇలాంటి ఇంటికి మొదటిసారి చేపల తొట్టి వచ్చిందంటే చేసే పని దాదాపు ఒకటే: మనం తాగే మంచినీళ్ళే చేపలకూ పోయడం. బోరు నీళ్ళు మనకే పడవు, ఇక పాపం వాటికేం పడతాయి అన్నది లెక్క. పోసిన సాయంత్రమే చేపల్ని వదులుతారు. వారం పది రోజుల్లో ఒక్కొక్కటే తేలుతుంటే దుకాణదారుడు నాసిరకం చేపలిచ్చాడని తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు చేపలది కాదు, దుకాణానిదీ కాదు. ఈ ప్రాంతంలో కొత్తగా తొట్టి పెట్టేవాళ్ళు ఇంట్లో వచ్చే నీటికి తగ్గ చేపను ఎంచుకోవాలే గాని, నచ్చిన చేప కోసం నీటిని మార్చే పనికి పోకూడదు. ఆ నీటికి సిద్ధమవడానికి నెల రోజుల గడువూ ఇవ్వాలి.

ముందు మన నీటి సంగతి. మదనపల్లె, పుంగనూరు పక్కలంతా గట్టి రాతి నేల. వందల అడుగుల లోతున రాతి పగుళ్ళలో నిలిచిన నీరు కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లను కరిగించుకుని పైకొస్తుంది. కొళాయి మూతికి పట్టే తెల్లటి పక్కు అదే. గీజరు కాయిలు మీద సున్నం కట్టేదీ, సబ్బు నురగ రాకుండా చేసేదీ అదే. అంగళ్ళు ఊరి చుట్టుపక్కల టమాటా వేసే రైతుకు ఇది కొత్త సంగతి కాదు. డ్రిప్ పైపుల కళ్ళు మూసుకుపోతే యాసిడ్ కలిపిన నీళ్ళు పంపి కడుక్కుంటాడు. తాగునీటికి భారతీయ ప్రమాణం (ఐఎస్ 10500, 2012) కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదంటుంది, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటుంది. మన బోర్లలో చాలావాటి నీళ్ళు ఈ రెండు హద్దుల మధ్యా ఊగుతుంటాయి. రైతు ఈ నీటిని చూసే ఏ పంట పెట్టాలో తేల్చుకుంటాడు తప్ప, పంటను ముందు అనుకుని నీటిని దానికి సరిచేయబోడు. చేపల తొట్టి దగ్గర మాత్రం మనం తిరగేసి ఆలోచిస్తున్నాం.

ఆర్వో నీళ్ళలో తప్పేముంది? తాగడానికి మంచివే కదా అనొచ్చు. మనిషి నీళ్ళు తాగుతాడు. చేప ఆ నీటిలోనే ఉంటుంది. మంచినీటి చేప ఒంట్లో లవణాలు బయటి నీటిలో కంటే ఎక్కువ. అందుకే మొప్పల గుండా నీరు అదేపనిగా లోపలికి చొరబడుతుంది, లవణాలు బయటికి జారిపోతుంటాయి. వచ్చిన నీటిని పల్చటి మూత్రంగా తోసేస్తూ, పోయిన లవణాల్ని మొప్పలతో మళ్ళీ పీల్చుకుంటూ అది రాత్రింబవళ్ళు శ్రమపడుతుంది. బయటి నీటిలో లవణాలే లేకపోతే ఆ శ్రమ పెరుగుతుంది. ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. తొట్టిలో మలినాన్ని విరిచే బాక్టీరియా తన పనిలో నీటి క్షారతను తినేస్తుంది: ఒక గ్రాము అమ్మోనియా నత్రజనికి సుమారు ఏడు గ్రాములు. బోరు నీటిలో ఆ నిల్వ కావలసినంత ఉంటుంది. ఆర్వో నీటిలో దాదాపు ఉండదు కనుక కొన్నాళ్ళకు పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది, దాంతో బాక్టీరియా పనీ కుంటుపడుతుంది. చూడ్డానికి నీళ్ళు అద్దంలా తేటగానే ఉంటాయి, చేప మాత్రం పైకి తేలి నోరు తెరుస్తుంది.

అయితే మన బోరు నీళ్ళలో ఏ చేప బతుకుతుందీ? గప్పీ, మోలీ, ప్లాటీ. మూడూ అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలవి, కాఠిన్యం ఉన్న నీటిని ఇష్టపడతాయి. మోలీ అయితే కాస్త ఉప్పు తేలిన నీటిలో ఇంకా బాగుంటుంది. దోమల నివారణ కోసం మునిసిపాలిటీ వాళ్ళు చెరువుల్లో, గుంటల్లో వదిలే గంబూసియా కూడా వీటి కుటుంబమే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా తీరపు చేపల మీద రాసిన గ్రంథంతో శాస్త్రానికి పరిచయమైన జీబ్రా చేప మన దేశపుదే. చారలు చారలుగా, చురుగ్గా, ఏ నీటినైనా సర్దుకుపోయే రకం. నియాన్ టెట్రా, డిస్కస్ లాంటివి అమెజాన్ ప్రాంతపు మెత్తటి, ఆమ్ల గుణమున్న నీటివి. బెంగళూరు దుకాణాల్లో, చెన్నై కొళత్తూరు వీధుల్లో నియాన్ టెట్రాలు కూడా మామూలు నీళ్ళలోనే మెరుస్తున్నాయి కదా అని ఎవరైనా అడిగితే, నిజమే. ఇప్పుడు అమ్ముడయ్యేవి ఎక్కువగా ఫారాల్లో పుట్టినవి, వాటికి ఓర్పు కొంత పెరిగింది. కానీ దుకాణంలో అవి ఉండేది కొద్ది రోజులే. అక్కడ నిలబడ్డ చేప మన ఇంట్లో ఏళ్ళ తరబడి నిలబడుతుందని హామీ లేదు. అనుభవం లేని చేతికి హామీ ఎక్కువున్న చేపే కావాలి.

ఇక గడువు సంగతి. చేప మొప్పల నుంచి వదిలేది, తినగా మిగిలిన మేత కుళ్ళి వదిలేది అమ్మోనియా. అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ రెండో పని నైట్రోబాక్టర్‌దని దశాబ్దాల పాటు పుస్తకాలన్నీ రాశాయి. తొట్టెల్లో అది చేసేది ఎక్కువగా నైట్రోస్పైరా అని 1990ల చివర్లో గాని తేలలేదు. పేరు ఏదైనా ఈ జీవులు సీసాలోంచి పోయగానే కాపురం పెట్టేవి కావు. ఫిల్టరు స్పాంజి మీద, గులకరాళ్ళ మీద జిగురు పొరగా నెమ్మదిగా పెరుగుతాయి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన ప్రాంతానికి ఇందులో ఇంకో మెలిక ఉంది. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి ఎక్కువ విషం, ఇంకోటి తక్కువ. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే విషపు రూపం మొత్తంలో ఒక్క శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే ఐదు శాతం దాటుతుంది. అంటే అదే మలినం మన క్షారపు నీటిలో తొమ్మిది రెట్లు కాటేస్తుంది. మెత్తటి నీళ్ళున్న ఊళ్ళో తొందరపడినవాడు తప్పించుకోవచ్చు, మనకు ఆ వెసులుబాటు లేదు.

ఆ నెలలో చేయాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి. యాభై లీటర్ల చిల్లర నీళ్ళు పడతాయి. బోరు నీళ్ళు ఒక రాత్రి బకెట్లలో నిలవ ఉంచి పోయాలి. అప్పుడే తోడిన బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. మునిసిపల్ నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు నిలవ ఉండాలి. ఎయిర్ పంపుకు తగిలించిన చవక స్పాంజి ఫిల్టరు ఆడుతుండాలి. రోజూ చిటికెడు మేత వేస్తే అదే కుళ్ళి బాక్టీరియాకు ఆహారమవుతుంది. మొదటి వారం నీళ్ళు పాలవిరుగుడులా మసకబారితే చాలామంది కంగారుపడి మొత్తం పారబోసి మొదటికొస్తారు. ముట్టుకోకూడదు, దానంతటదే తేరుకుంటుంది. చుక్కల మందు టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ పెరిగి పడిపోయి సున్నాకు వచ్చాక, నైట్రేట్ కనబడ్డాక ఓ నాలుగు చేపలు చాలు.

గాజు బౌల్‌లో గోల్డ్ ఫిష్ పెట్టుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా అంటారు. తొట్టి ఎంత చిన్నదైతే కష్టం అంత ఎక్కువ. ఐదు లీటర్లలో ఒక రోజు మేత ఎక్కువైతే చాలు, సాయంత్రానికి విషం. యాభై లీటర్లలో అదే పొరపాటు పలచబడిపోతుంది. పైగా గోల్డ్ ఫిష్ బాగా పెరిగితే జానెడు దాటే చేప. ఇంగ్లండ్‌లో టిష్ అనే గోల్డ్ ఫిష్ 43 ఏళ్ళు బతికి 1999లో పోయింది. మన బౌల్ చేపలు ఆరు నెలలు దాటితే గొప్ప అనుకుంటున్నామంటే అవి ఎలా బతుకుతున్నాయో అర్థం చేసుకోవచ్చు. వాస్తు పేరుతో ఎనిమిది ఎర్రవి, ఒక నల్లది లెక్కన తొమ్మిది గోల్డ్ ఫిష్‌లను చిన్న తొట్టిలో కుక్కడం మరీ దారుణం. నమ్మకం మీద నాకు తగవు లేదు. తొమ్మిది అంకె తప్పదనుకుంటే తొమ్మిది గప్పీలతో సరిపెట్టుకోవచ్చు, రంగు అవి కూడా ఇస్తాయి.

కరువు సీమలో అలంకారం కోసం నీళ్ళు పారబోయడం ఏమిటన్న ప్రశ్న ఇంతకంటే బరువైనది. ట్యాంకరు కోసం ఎదురుచూసిన ఎండాకాలాలు చూసినవాళ్ళు అడిగితే నవ్వి తోసేయడానికి లేదు. లెక్క చూద్దాం. యాభై లీటర్ల తొట్టిలో వారానికి నాలుగో వంతు మార్చితే పన్నెండు లీటర్లు, అంటే ఒక బకెట్. ఇంటి ఆర్వో యంత్రం ఒక్క లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు వదిలేస్తుంది. తొట్టిని ఆర్వో నీళ్ళతో నడిపేవాళ్ళు ఆ బకెట్ కోసం ఇంకో రెండు మూడు బకెట్లు కాలువ పాలు చేస్తున్నారన్నమాట. బోరు నీళ్ళతోనే నడిపితే ఆ దుబారా ఉండదు. తొట్టిలోంచి తీసిన నీళ్ళలో నైట్రేట్ ఉంటుంది కనుక మల్లెచెట్టుకో కరివేపాకుకో పోస్తే ఎరువు కూడా. ఆర్వో నీటికి తొట్టి దగ్గర ఒక్క పని ఉంది. నీరు ఆవిరైనప్పుడు లవణాలు పోవు, తొట్టిలోనే మిగులుతాయి. ఆవిరైన మేరకు మళ్ళీ బోరు నీళ్ళే నింపుతూ పోతే కాఠిన్యం నెలనెలా పెరుగుతుంది. కాబట్టి తగ్గిన అంగుళం నింపడానికి ఆర్వో, వారం వారం మార్పిడికి బోరు. హంద్రీ-నీవా కాలువ వచ్చి కొళాయిలో ఒకనాడు కృష్ణా నీళ్ళు, ఇంకోనాడు బోరు నీళ్ళు పడే ఇళ్ళయితే ఒకేసారి ఎక్కువ మార్చకుండా కొద్ది కొద్దిగా కలపాలి. చేపకు నీటి గుణం కంటే ఆ గుణంలో వచ్చే హఠాత్తు మార్పే ఎక్కువ హాని. నిమ్మరసమో, దుకాణంలో అమ్మే పీహెచ్ తగ్గించే మందో పోయడం కూడా అందుకే పనికిరాదు. బైకార్బొనేట్లు ఆ ఆమ్లాన్ని మింగేసి పీహెచ్‌ను మళ్ళీ పైకి లాగుతాయి, మధ్యలో చేప నలిగిపోతుంది.

చేపలు లేకుండా నెల రోజులు నీళ్ళు నిలవ పెడితే దోమలు రావా? మూత లేకుండా, పంపు ఆపి పెడితే తప్పక వస్తాయి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వారం పది రోజులు చాలు. మూతా, కదిలే నీటి పైపొరా ఉంటే ఆ బెడద ఉండదు. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఉంచుకుంటే మేలు. డిసెంబరు, జనవరిల్లో ఇక్కడి తెల్లవారుజాములు పదిహేను డిగ్రీల దరిదాపులకు దిగుతాయి కనుక గప్పీలున్న తొట్టికి చిన్న హీటరు కావాలి. విజయవాడలో రాసిన సలహా మదనపల్లెకు పూర్తిగా సరిపోదు.

ఇంతదాకా చెప్పినదానికి గట్టి అభ్యంతరం ఒకటుంది. మన నీటికి సరిగ్గా సరిపోయే చేప మన చెరువుకూ సరిపోతుంది. విసుగొచ్చి బాహుదా నదిలోనో ఊరి చెరువులోనో వదిలితే నియాన్ టెట్రా చస్తుంది, గప్పీ మాత్రం పిల్లల్ని పెడుతుంది. తొట్టి అద్దం నాకుతుందని అమ్మే దక్షిణ అమెరికా సక్కర్ చేప ఇలాగే బయటపడి మన చేపల చెరువుల్లో తిష్ఠ వేసింది. వలలు చింపే దాని ముళ్ళు చూసి దెయ్యం చేప అని పిలుస్తున్నారు. అది అడుగు దాటి పెరిగే చేప, రెండడుగుల తొట్టిలో దానికి మొదటినుంచే చోటు లేదు. ఈ అభ్యంతరం నా వాదనను కొట్టేయదు గాని దానికి ఒక షరతు పెడుతుంది: తొట్టి చేప ఏ కారణానా చెరువు మొహం చూడకూడదు. ఆడ గప్పీ నెలకోసారి పదుల కొద్దీ పిల్లల్ని ఈనుతుంది, మగది పక్కన లేకపోయినా కొన్ని నెలలు ఈనుతూనే ఉంటుంది. అందుకే మొదటి తొట్టికి మగవి మాత్రమే తెచ్చుకోవాలి. తోక పెద్దది, రంగూ మగదానికే ఎక్కువ గనుక పోయేదేమీ లేదు. మిగులు చేపల్ని దుకాణానికే తిరిగి ఇవ్వాలి.

తమ నీళ్ళ కాఠిన్యం ఎంతో తెలియకుండా ఇదంతా ఎలా చేస్తారు? కురబలకోట మండలంలోనే, అంగళ్ళలో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. నీటి కాఠిన్యాన్ని ఈడీటీఏ టైట్రేషన్‌తో కొలవడం మొదటి ఏడాది కెమిస్ట్రీ ల్యాబులో మామూలుగా చేయించే ప్రయోగం. ఎక్కడివో నీళ్ళు తెచ్చి కొలిచే బదులు విద్యార్థులు తలా ఒక వీధి బోరు నీళ్ళు తెచ్చి కొలిస్తే ఏడాదిలో మండలం మొత్తానికీ పట్టిక తయారవుతుంది. చేపలవాళ్ళకే కాదు, డ్రిప్ వేసే రైతుకూ, గీజరు కొనే ఇల్లాలికీ అది పనికొస్తుంది. తొట్టెలమ్మే దుకాణాలు ఆ పట్టిక గోడకు అంటించుకుని, కొనడానికి వచ్చినవాళ్ళను ముందు మీది ఏ ఊరు, ఏ నీళ్ళు అని అడిగి, తొట్టిని ఈ నెల, చేపల్ని వచ్చే నెల అమ్మాలి. ఒక్క సాయంత్రపు బేరం రెండుగా విడిపోతుంది, నిజమే. కానీ మొదటి నెలలోనే చేపలన్నీ చచ్చిపోయిన ఇంటివాళ్ళు మళ్ళీ ఆ దుకాణం మెట్లెక్కరు.