గిదే గదని తెల్వలే

మొన్న పసుపు సీజన్‌లో ఆర్మూరు పక్క ఊళ్లో ఉండే మా చిన్నాయన కొడుకు ఇంటికి పోయాను. కళ్లం నిండా ఉడకబెట్టి ఎండబోసిన పసుపు. పాలిష్ డ్రమ్ము మాత్రం ఆగిపోయి ఉంది. మెకానిక్ ఇరుసు దగ్గరి బేరింగు ఊడదీసి అరచేతిలో పెట్టి చూపించాడు. గ్రీజు ఉండాల్సిన చోట పచ్చటి ముద్ద. పసుపు దుమ్ము లోపలికి దూరి, గ్రీజుతో కలిసి గట్టిపడి, గుండ్లు తిరగకుండా పట్టేసింది. దుమ్ము పోకుండా మూత ఉన్న బేరింగు వేయాల్సిన చోట మూత లేనిది వేశారు. మా తమ్ముడి కొడుకు పక్కనే సెల్‌ఫోన్ లైటు పట్టుకొని నిలబడ్డాడు. మెకానికల్ డిప్లొమా చివరి ఏడు చదువుతున్నాడు. బేరింగుల పాఠంలో మంచి మార్కులే వచ్చాయట. "గిదంతా మీకు చెప్పలేదారా?" అని అడిగాను. "చెప్పిండ్రు పెద్దనాయినా. గిదే గదని తెల్వలే" అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. పిల్లవాడి తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. బేరింగు బొమ్మ గీయమంటే గీశాడు, రకాలు రాయమంటే రాశాడు. మనం పాఠం ముందు చెప్పి, సమస్యను అతని బతుక్కి వదిలేశాం. దీన్ని తిరగేయాలని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను. ముందు సమస్య, దాని వెంట పాఠం.

ఇది కొత్త ఊహ కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1969లోనే వైద్య విద్యను ఇలా మొదలుపెట్టింది. శరీర నిర్మాణం పుస్తకాలన్నీ పూర్తయ్యాక రోగిని చూపించడం కాదు, రోగి కథతోనే చదువు మొదలు. సింగపూర్‌లో 2002లో పెట్టిన రిపబ్లిక్ పాలిటెక్నిక్ అయితే కళాశాల మొత్తాన్నీ ఈ పద్ధతి మీదే కట్టింది. తొలినాళ్లలో అక్కడ రోజుకొక సమస్య. పొద్దున సమస్య చేతికిచ్చేవారు. ఐదుగురు చొప్పున జట్లు కూర్చొని మనకేం తెలుసు, ఏం తెలియదు, ఏం తెలుసుకోవాలి అని తేల్చుకునేవారు. సాయంత్రానికల్లా తమ జవాబు నలుగురి ముందు నిలబడి చెప్పేవారు. ఉపన్యాసం ఇవ్వడం కంటే సరైన ప్రశ్న వేసి దారి తప్పకుండా చూడటమే అక్కడి గురువు పని.

మన దగ్గరా ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. నిజామాబాద్‌లో రైలెక్కి జానకంపేట, నవీపేట దాటి గోదావరి వంతెన దాటితే బాసర. పసిపిల్లల చేత పలక మీద తొలి అక్షరం దిద్దించే ఊరు. 2008లో రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ (ఆర్‌జీయూకేటీ) పుట్టినప్పుడు దాని మూడు క్యాంపస్‌లలో ఒకటి ఇక్కడే పెట్టారు. ట్యూరింగ్ అవార్డు అందుకున్న తొలి భారతీయుడు రాజ్ రెడ్డి దానికి మొదటి చాన్సలర్. పది పాసైన పల్లెటూరి పిల్లల్ని తీసుకొని, ఆరేళ్లు అక్కడే ఉంచి, ప్రతి ఒక్కరి చేతికీ లాప్‌టాప్ ఇచ్చి, చేస్తూ నేర్చుకునే చదువు చెప్పాలన్నది సంకల్పం. సర్కారు బడిలో చదివిన పిల్లలకు గ్రేడుకు 0.4 పాయింట్లు కలిపి మరీ సీట్లిచ్చారు. ఇంత మంచి తలంపు మన విద్యలో అరుదు.

అదే ప్రాంగణం గేటు దగ్గర 2022 జూన్‌లో వేల మంది విద్యార్థులు వారం రోజులు ఎండకూ వానకూ కూర్చున్నారు. పన్నెండు డిమాండ్లు. శాశ్వత వైస్ చాన్సలర్ కావాలి, చాలినంత మంది అధ్యాపకులు కావాలి, లాప్‌టాప్‌లు కావాలి, తినదగిన తిండి కావాలి. నా దృష్టిలో ఓడింది ఆలోచన కాదు. దాన్ని నిలబెట్టాల్సిన మనుషుల్ని మనం ఇవ్వలేదు. ఉపన్యాసంతో గడిచే తరగతికి వంద మందికి ఒక్క మాస్టారున్నా బండి నడుస్తుంది. సమస్యతో మొదలయ్యే తరగతికి నడవదు.

సమస్యతో మొదలయ్యే పాఠం ఎలా ఉంటుందో చూడాలంటే మన చెరకు రైతునే తీసుకోండి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడటంతో ఆ పక్క ఊళ్లో నరికిన చెరకు ఇప్పుడు కామారెడ్డి వైపు ఫ్యాక్టరీలకు పోవాలి. ట్రాక్టరు గేటు దగ్గర రెండు రోజులు ఆగితే ఎవరికెంత నష్టం? ఈ ఒక్క ప్రశ్న పాలిటెక్నిక్ మొదటి ఏడాది పిల్లల ముందు పెడదాం. నరికిన గడ ఎండి బరువు తగ్గుతుంది, అది రైతు నష్టం. లోపల సుక్రోజ్ విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది, పలుకు కట్టే చక్కెర తగ్గుతుంది, అది ఫ్యాక్టరీ నష్టం. రసం చుక్క రిఫ్రాక్టోమీటరులో వేసి బ్రిక్స్, అంటే రసంలో కరిగిన పదార్థం శాతం, చూడాలి, అక్కడ భౌతికశాస్త్రం వచ్చింది. 2025–26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన ధర 10.25 శాతం చక్కెర రికవరీ మీద క్వింటాలుకు 355 రూపాయలు, అక్కడ లెక్కలొచ్చాయి. నరుకుడు వంతులు ఎలా వేస్తే బండ్లు ఆగవన్నది పరిశ్రమల నిర్వహణ పాఠం. ఇంగ్లిషులో నోరు పెగలని పిల్లవాడు కూడా దీని గురించి తెలుగులో గంటసేపు మాట్లాడగలడు. వాళ్ల నాయన ఆ ట్రాక్టరు మీదే నిద్రపోయి ఉంటాడు.

అయితే ఒక షరతు. పరీక్ష మారకపోతే ఇదంతా వృథా. ఏడాది చివర మళ్లీ "బేరింగు రకాలు రాయుము" అనే అడిగితే పిల్లలు దానికే చదువుతారు, మాస్టార్లు దానికే చెబుతారు. చేసిన పనికి రోజూ మార్కులుండాలి. సాంకేతిక విద్యా మండలి అన్ని కళాశాలలకూ ఒకేసారి చేయనక్కర్లేదు, ఒక్క కళాశాలకు మినహాయింపు ఇచ్చి చూస్తే చాలు.

ఆ ఒక్కటి ఎక్కడ పెట్టాలంటే, నేను బోధన్ శక్కర్‌నగర్ పేరే చెబుతాను. నిజాంసాగర్ నీళ్లను నమ్ముకొని 1937లో లేచిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఆసియాలోనే పెద్దదిగా పేరు తెచ్చుకుంది. 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ పేరుతో మూతపడింది. చక్కెర ఫ్యాక్టరీ అంటే ఇంజినీరింగ్ కోర్సులన్నీ ఒక్క కప్పు కింద ఉన్నట్టే. గడను పిండే రోలర్లు, పిప్పితో మండే బాయిలరు, దాని ఆవిరితో తిరిగే టర్బైను, సున్నంతో రసం తేర్చే తొట్లు, రసం చిక్కబడి పలుకు కట్టే పాన్‌లు. పాన్ దగ్గర నిలబడే పనివాడు మరుగుతున్న పాకం కొంచెం తీసి గాజు పలక మీద పూసి, వెలుతురుకు పట్టి చూస్తాడు. పలుకులు సమంగా ఎదుగుతున్నాయా, మధ్యలో సన్నపలుకు కొత్తగా పుడుతోందా అన్నది కంటితో చెబుతాడు. ఏళ్ల తరబడి పొరపాట్లు సరిదిద్దుకుంటూ వచ్చిన చూపు అది. ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. సమస్యలతో మొదలయ్యే కళాశాలకు కావలసిన అసలు గురువులు ఇలాంటి పనివాళ్లే.

ఫ్యాక్టరీ తెరుస్తామని ప్రభుత్వాలు మాటిస్తూనే ఉన్నాయి. తెరవాలి. తెరిచే నాటికి దాని గోడ పక్కనే చిన్న పాలిటెక్నిక్ ఒకటి ఉండేలా చూడాలి. అది ఆలస్యమైతే కనీసం ఆ పాత కార్మికుల్ని గౌరవ వేతనంతో నిజామాబాద్ తరగతి గదులకు పిలిపించండి. మూతపడిన రోజున యాభై ఏళ్లున్న పాన్ పనివాడికి ఇప్పుడు అరవై నిండాయి.