మార్కుల కొఱకు దేవభాష

తెలుగు రాష్ట్రాలలో ఇంటర్మీడియట్ ద్వితీయభాషగా సంస్కృతాన్ని ఎన్నుకొనేవారు లెక్కకు మిక్కిలిగా ఉన్నారని కొందరు ఆస్తికులు సంతోషిస్తూ ఉంటారు. దేవభాషకు పునర్వైభవం ప్రాప్తించిందని వారి భావన. ఆ సంతోషం నిరాధారం.

విద్యార్థి సంస్కృతాన్ని ఎన్నుకొనడం లేదు, మార్కులను ఎన్నుకొంటున్నాడు. దీర్ఘకాలంగా నడచిన విధానంలో రెండు సంవత్సరాల మొత్తం 1000 మార్కులలో ద్వితీయభాషకు 200. సంస్కృతపత్రంలో వ్యాసరూప సమాధానాలను తెలుగులోనో ఆంగ్లంలోనో వ్రాయవచ్చును. శ్లోకతాత్పర్యాన్ని, పాఠ్యభాగ సారాంశాన్ని ముందుగానే కంఠస్థం చేసినవానికి నూటికి తొంభైఐదు దాటడం దుష్కరం కాదు. అట్లు ఉత్తీర్ణులైనవారిలో అనేకులు ఒక అపరిచిత శ్లోకాన్ని పదవిభాగం చేసి చదువలేరు. లిపి విషయమై ఆక్షేపణ అక్కరలేదు. వావిళ్ళవారు సంస్కృతగ్రంథాలను తెలుగులిపిలోనే ముద్రించి పండితలోకానికి ఎంతో ఉపకారం చేశారు. ఆక్షేపణ భాష విషయమైనది. సంస్కృతం రాకయే సంస్కృతంలో ఉత్తీర్ణుడు కాగల పరీక్ష దేనిని పరీక్షిస్తున్నట్లు?

దీనికి మూలం మరొకచోట ఉన్నది. ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో 160 ప్రశ్నలు: గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. భాషకు స్థానం శూన్యం. ప్రవేశపరీక్ష అడగనిదానిని కళాశాల బోధించదు, తల్లిదండ్రులు కోరరు. ఏది బోధనీయమో నిర్ణయించవలసినవాడు ఆచార్యుడు. నేడు ఆ నిర్ణయాన్ని ప్రశ్నపత్రం చేస్తున్నది. భాషాధ్యాపకునికి మిగిలినది పరీక్షకు ముందు ప్రశ్నోత్తరాలను వల్లె వేయించే పని మాత్రమే. సంస్కృతం పేరిట తెలుగును కూడ విడిచిన బాలుడు ఉభయభ్రష్టుడౌతున్నాడు.

“ఏదో ఒక రీతిని నాలుగు శ్లోకాలైనా చెవిని పడుతున్నవి కదా” అని సమాధానపడేవారు ఉన్నారు. శ్రద్ధ లేక చెవిని పడిన శ్లోకం పరీక్షాభవనపు గుమ్మం దాటదు. అంతకంటె ప్రమాదం, సంస్కృతమంటే శ్రమ లేక లభించే మార్కులు అన్న సంస్కారం పదునారేండ్ల వయస్సులోనే మనస్సున నాటుకొనడం. ఆ యువకునికి రేపు గీతాభాష్యం పట్ల గౌరవం ఎక్కడనుండి వస్తుంది?

పరీక్ష అనేదే దోషమని దీని అర్థం కాదు. మన సంప్రదాయంలో పరీక్షలు మిక్కిలి కఠినములు. శలాకాపరీక్షలో గ్రంథమధ్యంలో శలాకను గ్రుచ్చి, తెరచుకొన్న పత్రంలోని విషయాన్ని వివరింపుమంటారు. అక్కడ ఊహించదగిన ప్రశ్న ఉండదు, గ్రంథమంతా ప్రశ్నయే. అవధానంలో పృచ్ఛకుని నిషేధాక్షరికి ముందే వ్రాసిపెట్టుకొన్న సమాధానం చెల్లదు.

ఛాందోగ్యంలో శ్వేతకేతువు పండ్రెండేండ్లు వేదాధ్యయనం చేసి, ఇరువదినాలుగవ యేట గర్వంతో ఇల్లు చేరినాడు. తండ్రి ఉద్దాలకుడు అతనిని పదునైదు దినాలు అన్నం లేక, నీటితో మాత్రమే ఉండమని, పిదప వేదాలను చెప్పుమన్నాడు. ఏదీ స్ఫురించలేదు. భుజించి వచ్చిన తరువాత అడిగినవన్నీ చెప్పగలిగినాడు. మనస్సు అన్నమయమని కుమారుడు స్వానుభవంతో గ్రహించినాడు. ఆ వైఫల్యానికి ఉద్దాలకుడు మార్కులు వేయలేదు, అతనిని క్రింది శ్రేణికి నెట్టలేదు. ఆ పరీక్షయే పాఠమైనది. నేటి పరీక్ష ముగిసినవెంటనే పాఠ్యపుస్తకం పాతకాగితాల దుకాణానికి చేరుతున్నది.

సంస్కృతాభిమానులు విద్యార్థుల సంఖ్యను కాపాడుకొనడానికి ఈ సులభమార్గాన్ని సమర్థించడం విచారకరం. వారు కోరవలసినది వేరు. ప్రశ్నపత్రంలో పాఠ్యేతరమైన ఒక సులభశ్లోకం ఇచ్చి, పదవిభాగం, అన్వయం, తాత్పర్యం వ్రాయుమనాలి. నాలుగు వాక్యాలైనా సంస్కృతంలోనే కూర్చుమనాలి. అట్లు చేసిన మరుసటి సంవత్సరమే తరగతిగదులు చాలవరకు ఖాళీ కావచ్చును. కానిండు. మిగిలిన పదిమందితో అధ్యాపకుడు రామశబ్దం దగ్గర ప్రారంభించవచ్చును.