తౌబాతో పాటు వైద్యమూ కావాలి

మద్యం హరామ్ అన్న సంగతి ముస్లిం ఇంట పుట్టిన పసివాడికి కూడా తెలుసు. అయినా మన బస్తీల్లో తాగుడుకు బానిసలైనవారు లేరని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా? ఉన్నారు. పరువు పోతుందన్న భయంతో ఆ కుటుంబాలు నోరు విప్పవు. దాచిన జబ్బు ముదురుతుందే గాని నయం కాదు.

ఏటా రంజాన్ నెలవంక కనిపించగానే కొందరు సోదరులు ఇక తాగనని తౌబా చేస్తారు. ఆ సంకల్పాన్ని అల్లాహ్ స్వీకరించుగాక! కానీ ఏళ్ల తరబడి రోజూ బాగా తాగిన మనిషి వైద్యుని సలహా లేకుండా ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

కారణం మెదడులో ఉంది. మెదడును ఉత్తేజపరిచే రసాయనాలు, నిమ్మళపరిచే రసాయనాలు త్రాసులోని రెండు తట్టల వలె సమతూకంలో ఉండాలి. మద్యం నిమ్మళపరిచే తట్టలో బరువు వేస్తుంది. రోజూ ఇలాగే జరిగితే మెదడు సమతూకం కోసం రెండో తట్టలో బరువు పెంచుకుంటుంది. అందుకే మొదట్లో ఒక గ్లాసుకే వచ్చిన మత్తు తరువాత మూడు గ్లాసులకు కూడా రాదు. హఠాత్తుగా మద్యం ఆగిందంటే త్రాసు ఒకవైపుకు ఒరిగిపోతుంది. కొద్ది గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి చలించి, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఇంట్లోవారు జిన్ను పట్టిందనుకుని తావీజు కోసం పరుగెత్తుతారు. పరుగెత్తవలసింది ఆస్పత్రికి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మద్యం దుకాణాలు, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు తెలంగాణ అంతా దీనిని కళ్లారా చూసింది. వణుకుతో, మూర్ఛలతో, మతి చలించి వచ్చినవారితో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల కిటకిటలాడింది. వారిలో కల్లు తాగేవారూ ఉన్నారు. ఆల్ఫ్రాజోలం, డైజిపాం వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడిన మెదడు, అది అందకపోతే ఇలాగే తల్లడిల్లుతుంది.

మరి తప్పని తెలిసీ మళ్లీ ఎందుకు తాగుతారు? ఆకలిగొన్నవాడికి అన్నం దొరికితే మెదడులో డోపమైన్ అనే రసాయనం విడుదలై, ఈ పని మళ్లీ చెయ్యమని గుర్తు వేసుకుంటుంది. మత్తు పదార్థం ఆ ఏర్పాటును కబ్జా చేస్తుంది. కాలక్రమంలో మంచిచెడ్డలు తూచి మనసుకు పగ్గం వేసే, నుదుటి వెనుక ఉన్న మెదడు భాగం బలహీనపడుతుంది. అప్పుడు దుకాణం ముందు నుంచి నడిచినా, పాత స్నేహితుడు ఎదురైనా కోరిక భగ్గుమంటుంది.

అయితే పాపం లేనట్టేనా అని అడగవచ్చు. మొదటి గ్లాసు ఎత్తింది మనిషే. ఆ బాధ్యత పోదు. కాని జబ్బు పడ్డాక వైద్యం చేయించుకోవడం కూడా బాధ్యతే. రోగానికి మందు ఉందని, చికిత్స చేయించుకోవాలని బోధించినవారు మన ప్రవక్త (స).

చికిత్సలో మొదటి మెట్టు కొద్ది రోజులది. వైద్యుడు మెదడును శాంతపరిచే మాత్రలు ఇచ్చి రోజురోజుకూ మోతాదు తగ్గిస్తారు. బి1 విటమిన్ ఇస్తారు. రెండో మెట్టు నెలల తరబడి సాగుతుంది. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు మళ్లీ తాగకుండా ఉండడానికి తోడ్పడతాయి. వాటితో పాటు కౌన్సెలింగ్, కుటుంబం ఆసరా కావాలి.

ఒక హెచ్చరిక. "తెలియకుండా తాగుడు మాన్పిస్తాం" అన్న ప్రకటనలు చూసి భర్త కూరలో పొడి కలిపే ఇల్లాళ్లున్నారు. డైసల్ఫిరాం అనే మందు ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబారి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది, ప్రాణం పోవచ్చు. రోగికి చెప్పి, వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే ఇవ్వవలసిన మందు అది.

కొన్ని నెలలు మానినవాడు మళ్లీ జారిపడవచ్చు. అప్పుడు ఛీకొట్టి వెలివేస్తే అతడు దుకాణానికే తిరిగి వెళతాడు. ప్రవక్త (స) కాలంలో మద్యం తాగి పలుమార్లు శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఒకాయన శపించబోతే, ప్రవక్త (స) వారించారు. అతడికి అల్లాహ్ పట్ల, ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు. బుఖారీలో నమోదైన ఈ హదీసు మన వైఖరికి గీటురాయి కావాలి.

ఇమాములకు ఒక మనవి. షాబాన్ నెలలోనే జుమా ప్రసంగంలో ఈ మాట చెప్పండి: మానదలచినవారు నెలవంక కోసం ఆగకుండా ముందే వైద్యుని కలవాలి. చికిత్సలో ఉన్న రోగికి ఉపవాసాలు తరువాత పూర్తిచేసుకునే వెసులుబాటు షరీఅత్‌లో ఉందని కూడా తెలపండి. మసీదు గోడ మీద రెండు ఉచిత ఫోన్ నంబర్లు రాయించండి: మత్తు వ్యసనాలకు 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416.

తౌబా అల్లాహ్‌కూ దాసునికీ మధ్య విషయం. ఆ దాసుణ్ణి చెయ్యి పట్టుకుని ఆస్పత్రి దాకా నడిపించడం మనందరి బాధ్యత.