ఆంగ్ల పరీక్షయు మన నర్సులును

పట్టణములలో బస్సుస్టాండుల యొద్దను, నర్సింగు కళాశాలల గోడలమీదను ఈ నడుమ ఒకే తీరు ప్రకటనలు కన్పట్టుచున్నవి. మూడు వారములలో ఆంగ్ల పరీక్ష, ఆరు నెలలలో విమానము, ఉత్తీర్ణతకు పూచీ మాది యని వాని సారాంశము. ఈ ప్రకటనలు చదివి సొమ్ము కట్టువారెవరు? బిడ్డకు జి.ఎన్.ఎం. చదువో, బి.ఎస్‌సి. నర్సింగో చెప్పించుటకు ఎకరము పొలము తాకట్టు పెట్టిన రైతు. చీటీ పాడి ఫీజు కట్టిన కుట్టుపని తల్లి. రాత్రి డ్యూటీ చేసి పగలు తరగతికి పోవు పిల్ల. వీరికి ఆ పరీక్ష ఎట్టిదో తెలియదు. తెలియని సరకునకు బేరమాడుట కష్టము గనుక అడిగినంతయు ఇచ్చుచున్నారు. ఆ పరీక్షయొక్క స్వరూపమును చదువరుల ముందుంచి, దానికెట్లు సిద్ధపడవలెనో, ఎవ్వరు తోడ్పడవలెనో మా యభిప్రాయమును తెలుపవలెనని తలంచితిమి.

బ్రిటనులో నర్సుగా పని చేయగోరువారు అచ్చటి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిలు పట్టికలో పేరు నమోదు చేయించుకొనవలెను. అందుకు కావలసిన యర్హతలలో ఆంగ్లభాషా సామర్థ్యమొకటి. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అను సాధారణ పరీక్షనైనను, ఆక్యుపేషనల్ ఇంగ్లీష్ టెస్ట్, అనగా ఓ.ఇ.టి., అను వృత్తిపరీక్షనైనను ఆ కౌన్సిలు అంగీకరించును. ఈ రెండవది 1980ల చివరి యేండ్లలో ఆస్ట్రేలియాలో, పరదేశములనుండి వచ్చు వైద్యుల నిమిత్తము, నర్సుల నిమిత్తము రూపొందినది. 2017 నవంబరు నుండి బ్రిటిషు కౌన్సిలు దానిని ఒప్పుకొనుచున్నది. వినికిడి, చదువు, వ్రాత, మాట అని భాగములు నాలుగు. ఒక్కొక్క దానికి 500 గరిష్ఠము. మొదటి రెంటిలోను, మాటలోను 350, వ్రాతలో 300 వచ్చినచో నర్సునకు చాలును. రుసుము అయిదువందల ఆస్ట్రేలియా డాలర్లకు పైమాటయే. మన నాణెములో ముప్పదివేలకు తక్కువ గాదు. చిన్న ఆసుపత్రులలో అనేకులకు అది రెండు నెలల జీతము. ఒక్క భాగమున తప్పినను పరీక్ష మొత్తము మరల వ్రాయవలెను, రుసుమును మొత్తము మరల కట్టవలెను. రెండు పర్యాయముల ఫలితములను కలిపి లెక్కించుటకు కౌన్సిలు కొన్ని నియమములతో సమ్మతించును. ఆ రెంటి నడుమ ఆరు నెలలకు మించరాదని యుండిన గడువును 2023లో పండ్రెండు నెలలకు పెంచిరి. ఈ సంగతి మా యొద్దకు సలహాకై వచ్చిన పిల్లలలో పలువురెరుగరు. ఎరిగినచో మూడవసారి రుసుము కట్టకపోదురేమో!

ఇది పాండిత్యమునకు పెట్టిన పరీక్ష కాదు. ఈ యొక్క మాట గ్రహించినచో సగము భయము తీరును. వ్రాత పరీక్షను చూడుడు. ఒక రోగియొక్క కేసు వివరములు చేతికిత్తురు. చదువుకొనుటకు అయిదు నిమిషములు, వ్రాయుటకు నలువది నిమిషములు. వ్రాయవలసినది ఒక్క జాబు. ఆసుపత్రి విడిచి యింటికి పోవు రోగిని ఇకముందు చూడవలసిన నర్సునకో, వైద్యునకో. జాబునకు 180 మొదలు 200 మాటలు చాలును. ఇచ్చిన వివరములలో వలసినవియు, వలదన్నవియు కలగాపులగముగా నుండును, అట్లుంచుట బుద్ధిపూర్వకమే. తుంటి యెముక విరిగి చికిత్స పొందిన ముసలమ్మకు చిన్ననాట అపెండిక్సు తీసివేసిరను సంగతి ఆ జాబులో నుండదగునా? ఆమె ఒంటరిగా మేడమీద గదిలో నివసించునను సంగతి లేకుండదగునా? ఏది గ్రహింపవలెనో, ఏది విడువవలెనో తెలియుటయే ఇచ్చట పరీక్షింపబడు విద్య. మా వృత్తిలో దావా కాగితము వ్రాయ నేర్చుకొను ప్రతి జూనియరును పడు పాటు ఇట్టిదే. కక్షిదారుడు చెప్పినదంతయు వ్రాసివేయును. ఏమి కోరుచున్నాడో మూడవ పుటకు గాని తేలదు.

శిక్షణాలయములలో పెక్కింట ఈ విద్యను నేర్పుటకు మారుగా నాలుగైదు జాబులు కంఠస్థము చేయించుచున్నారు. పేరును, వయస్సును, జబ్బును మార్చి దింపివేయవలెనట! జాబు దిద్దువారు చూచు అంశములు రహస్యములు కావు. పరీక్ష నడపువారే వానిని ప్రకటించియున్నారు. జాబు వ్రాసిన ప్రయోజనము ఆరంభముననే స్పష్టమైనదా యనునది అందు మొదటిది. ఇంకను పుట్టని రోగికై ముందుగా వల్లించిన జాబునకు ప్రయోజనమెచ్చటినుండి వచ్చును?

మాట పరీక్ష మరియు విచిత్రమైనది. ఒక చీటి యిచ్చి సుమారు మూడు నిమిషములు చదువుకొనుమందురు. పిమ్మట ఎదుట కూర్చున్నవారు రోగిగానో, రోగి బంధువుగానో నటింతురు. మన పిల్ల నర్సుగా అయిదు నిమిషములు సంభాషింపవలెను. ఇట్టివి రెండు. ఎదుటివారు మార్కులు వేయరు. సంభాషణను రికార్డు చేసి వేరొక చోట వేరే పరీక్షకులచే వేయింతురు. ఉచ్చారణ, ధారాళత, వ్యాకరణము చూచుట ఎప్పటినుండియో కలదు. 2018లో దానికి తోడు రోగితో చనువు కుదుర్చుట, రోగి మనసులోని బెదురు తెలిసికొనుట, అడుగవలసినది వరుసగా నడుగుట, చెప్పవలసినది అర్థమగునట్లు చెప్పుట మొదలైన వానిని చేర్చిరి. మంచము ప్రక్క నిలిచి పని చేసిన మన నర్సులకు ఇవి కొత్తవా? కానే కావు. చిక్కంతయు భాష మారునప్పుడు వచ్చును.

తెలుగులో మర్యాద క్రియాపదములోనే యున్నది. "అమ్మా, కొంచెం పక్కకు తిరగండి" అన్నచో ఆ "అండి"లో గౌరవమును, "అమ్మా"లో ఆప్యాయతయు ఇమిడియున్నవి. దానినే మాటకు మాటగా ఆంగ్లమున పెట్టినచో "టర్న్ టు ది సైడ్" అని ఉత్త ఆజ్ఞ మిగులును. పిల్ల హృదయములో మర్యాద తరుగలేదు, నోటిలో తరిగినది. వినువాడు గర్విష్ఠురాలనుకొనును. ఆంగ్లము మర్యాదను "వుడ్ యు", "కుడ్ యు", "ఇఫ్ దట్స్ ఆల్ రైట్" వంటి ప్రక్క మాటలలో దాచుకొనును. ఈ భేదమును తెలుగు వచ్చిన ఉపాధ్యాయుడు పది నిమిషములలో బోధింపగలడు. తెలుగు పలుకరాదని గదిలో జరిమానా వేయు శిక్షణాలయమునందు ఇది సంవత్సరమునకైనను తెలియదు. "ఐ కంప్లీట్లీ అండర్‌స్టాండ్ హౌ యు ఫీల్" అను వాక్యమును వల్లించి, రోగి యేమి చెప్పినను దానినే జవాబుగా విసరుట మాత్రము నేర్చుకొందురు.

వినికిడిలో ప్రతి భాగమును ఒక్కసారియే వినిపింతురు. మొదట రోగులకును, వైద్యవృత్తివారికిని జరుగు రెండు సంభాషణలు విని 24 ఖాళీలు పూరింపవలెను. మన పిల్లలు పుస్తకములోని పేర్లెరుగుదురు, రోగి పేర్లెరుగరు. తిమ్మిరికి "పరెస్తీషియా" యని కళాశాలలో నేర్చినారు. బ్రిటనులోని అవ్వ "పిన్స్ అండ్ నీడిల్స్" అనును. మూత్రసంబంధమైన బాధను అచ్చటి తాతలు "వాటర్‌వర్క్స్" అని చెప్పుదురు. సూదిమందును "జాబ్" అందురు. ఇందు వింత యేమున్నది? "కడుపులో దేవుతోంది", "ఒళ్లు తూలిపోతోంది" అని మన పల్లెటూరి రోగి యనినప్పుడు ఢిల్లీనుండి వచ్చిన డాక్టరు ఏమగును? అంకెలు మరియొక గండము. ఫిఫ్టీన్, ఫిఫ్టీ అను రెంటికిని భేదము ఊనికలో నున్నది. మనము అజంతభాష వారమగుటచే రెంటిని ఒకే తూకమున పలుకుదుము, ఒకే తూకమున విందుము. పరీక్షలో ఇది ఒక మార్కు. వార్డులో పదునైదు మిల్లీగ్రాముల మందునకు, ఏబది మిల్లీగ్రాముల మందునకు ఎంత దూరమో చెప్పనక్కరలేదు. అందుచేతనే ఈ పరీక్షను పరాయి వాని పెత్తనమని కొట్టివేయుటకు మాకు మనసొప్పదు. రోగి భాష రాని నర్సును మన యూరి ఆసుపత్రిలో మనమును సహింపము.

ఇక పూచీల సంగతి. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టము క్రింద కేంద్ర ప్రాధికారసంస్థ 2024 నవంబరులో శిక్షణాసంస్థల ప్రకటనలపై మార్గదర్శకములు వెలువరించినది. తప్పక ఉత్తీర్ణత, తప్పక ఉద్యోగము అను బూటకపు వాగ్దానములు వానిచే నిషిద్ధములు. ఉత్తీర్ణులైనవారి ఫోటోలను వారి సమ్మతి లేక గోడకెక్కింపరాదు. ఏబదిమందికి తక్కువైన శిక్షణాలయములకు ఆ మార్గదర్శకములు వర్తింపవు గాని, మోసపు ప్రకటన మోసపు ప్రకటనయే; చట్టము దానికెటులును కలదు. 5 లక్షల రూపాయల లోపు విలువ గల ఫిర్యాదును జిల్లా కమిషనులో రుసుము లేకయే దాఖలు చేయవచ్చును. ప్రకటన కాగితమును, డబ్బు కట్టిన రశీదును దాచుకొనుడని మేము పదే పదే చెప్పుచున్నాము. రశీదు ఇయ్యని చోట సొమ్ము కట్టకుడు. పరీక్ష ప్రశ్నలు ముందే యమ్ముదుమని ఫోనులలో సందేశములు పంపువారిని గూర్చి వేరుగా చెప్పవలయునా? వారు అమ్మునది నకిలీయైనచో డబ్బు పోవును, నిజమైనచో పరీక్షయు, దానితో ఉద్యోగపు ఆశయు పోవును. ఉద్యోగము చూపినందులకు నర్సునొద్ద రుసుము పుచ్చుకొనరాదని బ్రిటిషు ప్రభుత్వపు నియామక నియమావళి శాసించుచున్నది. అట్లడిగిన ఏజెంటును అక్కడనే విడిచిపెట్టవచ్చును.

మరియొక దుర్నయము. విదేశమునకు దరఖాస్తు పెట్టుకొనుటకు అసలు సర్టిఫికెట్లు కావలసివచ్చినప్పుడు, బాండు తీరలేదనియో, ఫీజు బాకీ యున్నదనియో కొన్ని కళాశాలలు, ఆసుపత్రులు వానిని పెట్టెలో పెట్టి తాళము వేయుచున్నవి. చదువు పత్రము తాకట్టు నగ కాదని న్యాయస్థానములు చెప్పియున్నవి. బాకీ యున్నచో దావా వేసి రాబట్టుకొనవచ్చును. పిల్ల బ్రతుకును జామీను పట్టుకొనుట చెల్లదు. పరీక్షకు ఆరు మాసములు శ్రమించి 350 తెచ్చుకొన్న యొక నర్సు, పత్రములు చేతికి వచ్చులోపల ఫలితపు గడువు రెండేండ్లును దాటిపోవుటచే మరల మొదటికి వచ్చిన వ్యవహారమును మేమెరుగుదుము.

మన వార్డులు నర్సులు లేక బోసిపోవుచుండగా పరుల ముసలివారికి సేవ చేయ పంపుటేమని ఆక్షేపించు దేశాభిమానులున్నారు. వారి బాధ మాకు తెలియును. కాని ఆ ప్రశ్న అడుగవలసినది ఇరువదిరెండేండ్ల పిల్లను కాదు. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన యుత్తరువుననుసరించి కేంద్రము నియమించిన సంఘము ప్రైవేటు నర్సుల జీతములను నిర్ణయించినది. 200 పడకలు మించిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానము. 50 పడకలకు లోబడిన చోటనైనను నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదు. ఆ సిఫారసులు రాష్ట్రములకు చేరినవి. మన యాంధ్రమునను, తెలంగాణమునను అవి యెన్ని ఆసుపత్రులలో నడచుచున్నవో చదువరులు తమ యూరి నర్సులనే యడిగి తెలిసికొనవచ్చును. జీతమియ్యక, పోనియ్యక, దేశసేవ పేరు చెప్పుట న్యాయము కాదు.

చేయవలసినదేమి? కేరళ ప్రభుత్వము నోర్కా ద్వారా తానే భాషాశిక్షణాలయము నడపుచున్నది. తెలంగాణ ప్రభుత్వపు టామ్‌కామ్ సంస్థ జర్మనీకి, జపానుకు పోవు నర్సులకు ఆయా భాషలు నేర్పించుచున్నది; మంచి పని. ఆ చేయి ఆంగ్లమునకును, రెండు రాష్ట్రములలోని ప్రతి జిల్లాకును చాచవలెను. అంతవరకు ఊరక కూర్చుండనక్కరలేదు. మనకు గ్రంథాలయములున్నవి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన తరము ఏ ప్రభుత్వపు టుత్తరువునకును కాచుకొని యుండలేదు. నేడు జిల్లా గ్రంథాలయములలో ఉద్యోగపరీక్షలకు చదువు యువకులు తెల్లవారకముందే కుర్చీలు పట్టుకొనుచున్నారు. నర్సులకు మాత్రమచ్చట ఒక బల్లయైనను లేదు. డ్యూటీ దిగిన వేళకు, సాయంకాలము ఏడు మొదలు తొమ్మిది వరకు ఒక గది. వినుటకు నాలుగు కంప్యూటర్లు. వారమునకు రెండు దినములు రోగివేషము వేయుటకు విశ్రాంతి పొందిన ఒక డాక్టరు గారో, ఆంగ్ల పంతులుగారో. వ్రాసిన జాబులు దిద్దుటకు మావంటి వారిద్దరు ముగ్గురు. పరీక్ష నడపువారు మాదిరి ప్రశ్నపత్రములను ఉచితముగనే యిచ్చుచున్నారు. ఇందుకు వేలకు వేలు కావలెనా?

కావలసిన కొద్ది సొమ్మును మన జేబులోనుండి ఇదివరకే పోవుచున్నది. 1960 నాటి గ్రంథాలయముల చట్టము ప్రకారము ఇంటిపన్ను రూపాయకు 8 పైసల చొప్పున గ్రంథాలయపు సెస్సు మనయొద్ద వసూలగుచున్నది. దానిని పురపాలకసంఘములు, పంచాయతులు జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమకట్టవలెను. జమకట్టక బాకీపడుట పెక్కుచోట్ల పాత ఫిర్యాదే. మీ పట్టణపు సంఘము ఎంత వసూలు చేసినది, ఎంత జమకట్టినదియు సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో ఎవ్వరైనను అడుగవచ్చును. పఠనమందిరమున ఈ పుట చదువుచున్నవారిలో ఒక్కరు ఆ దరఖాస్తు వ్రాసినచో, వచ్చిన జవాబును మేమీ పత్రికలో ప్రకటింతుము.