కారే జాకీకి ఆయిల్ పోసుకుంటూ పోవడం రిపేరు కాదు

ఈ రోజు పంట గురించి కాదు, జాకీ గురించి రాస్తున్నా. అదీ బోటు మోటారు వెనక ఉండే జాకీ గురించి. "మిర్చి రైతుకి బోటు మోటారుతో పనేంటయ్యా" అంటారేమో. మాది తాడేపల్లి. కరకట్ట అవతల లంక భూములున్న వాళ్లని అడగండి, బోటుతో పనేంటో వాళ్లు చెబుతారు. బోటు లేని వాళ్లు కూడా చివరిదాకా చదవండి. మీ ట్రాక్టర్ ట్రక్కు కింద ఉన్నదీ ఇదే జాతి జాకీ. జబ్బు ఒకటే, మందూ ఒకటే.

ముందు అదేంటో చెబుతా. చిన్న బోటు ఇంజన్లని చేత్తోనే పైకి ఎత్తుతారు. పెద్ద మోటార్లు వంద కేజీలు దాటతాయి, మనిషి ఎత్తలేడు. అందుకే వాటికి బటన్ ఉంటుంది. నొక్కితే చిన్న కరెంటు మోటారు పంపుని తిప్పుతుంది, పంపు ఆయిల్‌ని సిలిండర్‌లోకి తోస్తుంది, రాడ్ బయటికొచ్చి ఇంజన్‌ని లేపుతుంది. ఇసక మేట దగ్గరికి వచ్చినా, ఫ్యాన్‌కి గుర్రపు డెక్క చుట్టుకున్నా లేపాల్సిందే. లేవకపోతే బోటు మన చేతిలో లేనట్టే.

మాకు తెలిసిన ఒకాయన, నేను బావా అని పిలుస్తా, సెకండ్ హ్యాండ్ మోటారుతో బోటు నడిపేవాడు. రాడ్ దగ్గర ఆయిల్ కారేది. వారానికోసారి కాస్త పోసేవాడు. "బావా, సీల్ మార్పించు" అంటే, "రెండొందల ఆయిల్‌తో పోయేదానికి రెండ్రోజులు బోటు ఆపమంటావా" అనేవాడు. నేనూ ఊరుకున్నా. నా ట్రక్కు జాకీకి నేను చేస్తున్నదీ అదే కదా.

2024 ఆగస్టు 31 సాయంత్రం. వానలు మీకు గుర్తుండే ఉంటాయి. నది పెరుగుతోంది, లంకలో ఉన్న కరెంటు మోటార్లు, స్టార్టర్ డబ్బాలు తెచ్చుకోవాలని నలుగురం వెళ్లాం. తిరిగొస్తుంటే గుర్రపు డెక్క గుంపు వచ్చి ఫ్యాన్‌కి చుట్టేసింది. బటన్ నొక్కాడు. పంపు గుర్రుమంటోంది, ఇంజన్ లేవట్లేదు. లోపల ఆయిల్ అయిపోయి గాలి పట్టింది. బోటు అడ్డం తిరిగి కొట్టుకుపోయింది. ఒడ్డు పక్కనే ఉన్నాం కాబట్టి తుమ్మచెట్టుకి తగిలి ఆగింది. చెట్టు లేకపోతే ఏమయ్యేదో నేను రాయను. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు 11 లక్షల క్యూసెక్కులు దాటాయి. కట్లు తెంచుకున్న బోట్లు వచ్చి గేట్లకి గుద్దుకున్న సంగతి రాష్ట్రమంతా చూసింది.

తర్వాత తెలిసిన విషయం ఇంకా బాధ. ఆ మోటార్లలో చాలావాటికి బ్రాకెట్ పక్కన ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేస్తే ఆయిల్ అడ్డుపడదు, ఇద్దరు పట్టి చేత్తో ఎత్తొచ్చు. బావ మోటారుకీ ఉంది. మా నలుగురిలో ఒక్కడికీ తెలియదు.

వరద తగ్గాక విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాం. సీల్ మార్చారు. ఇరవై రోజులకి మళ్లీ కారింది. రెండోసారి ఇంకో పెద్దాయన దగ్గరికి వెళ్తే ఆయన సీల్ వైపు చూడనే లేదు. రాడ్ తుడిచి గోరుతో గీరి చూపించాడు. గోరు ఆగింది. తుప్పుతో పడిన సన్నటి గుంటలు. "కొత్త సీల్‌ని ఈ రాడ్ ఆకురాయిలా కోస్తది బాబూ, రోగం ఇక్కడ" అన్నాడు. రాడ్‌కి క్రోమ్ చేయించి కొత్త సీల్ వేశాక ఈ రోజు వరకూ చుక్క లేదు.

ఆయన దగ్గర నేర్చుకున్నది మీకు చెబుతా. ట్రక్కుకైనా బోటుకైనా పనికొస్తుంది.

ఒకటి, కిందకి తల పెట్టే ముందు ఆపు పెట్టండి. బోటు మోటారుకి లాక్ లివర్, ట్రక్కు తొట్టికి గట్టి దిమ్మ. జాకీని నమ్మి కింద దూరొద్దు. ఒత్తిడిలో ఉన్న పైపు లీకుని చేత్తో తడిమి వెతకొద్దు, సన్నటి ధార చర్మంలోకి దిగిపోతుంది. అట్టముక్క పెట్టి చూడండి.

రెండు, ఎక్కడ కారుతోందో తేల్చుకోండి. శుభ్రంగా తుడిచి, నాలుగుసార్లు లేపి దింపి చూడండి. రాడ్ చుట్టూ తడుంటే రాడ్ సీల్, లేకపోతే పైపు జాయింటో మూత రింగో. బయట చుక్క లేకుండా రాత్రికి రాత్రి ఇంజన్ దిగిపోతుంటే లీకు లోపల. ముందు ఆ స్క్రూ బిగువుందో లేదో చూసి, తర్వాత పిస్టన్ రింగు, వాల్వు అనుమానించండి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీళ్లు దూరాయని అర్థం.

మూడు, పాత సీల్ పారేయొద్దు. లోపలి కొలత, బయటి కొలత, ఎత్తు మిల్లీమీటర్లలో చూపిస్తే ఆటోనగర్ సీల్ షాపుల్లో జోడీ దొరికే అవకాశం ఎక్కువ. సీల్ పెదవి ఆయిల్ ఒత్తిడి వైపు ఉండాలి. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి ఎక్కించొద్దు, ఆయిల్ రాసి మెల్లగా దింపాలి.

నాలుగు, కంపెనీ పుస్తకంలో చెప్పిన ఆయిలే పోయండి. మామూలు నల్ల రబ్బరు సీల్‌కి బ్రేక్ ఆయిల్ తగిలితే ఉబ్బి పాడైపోతుంది. మనలో ఎంతమంది చేతికందిన డబ్బాలోది పోస్తున్నామో మనకే తెలుసు. బోటు మోటారుకి మూత తీసేది ఇంజన్ పూర్తిగా లేపి, లాక్ వేశాకే. పోశాక నాలుగైదుసార్లు లేపి దింపి గాలి పోగొట్టి, పైకి లేపే మళ్లీ లెవెల్ చూడాలి.

ఇప్పుడు నా అభిప్రాయం. సీజన్‌లో ఆపలేం, నిజమే. కోత మీద ఉన్న రైతుకి "రెండ్రోజులు ఆపు" అని నేనూ చెప్పను. ఆ పూట ఆయిల్ పోసి పని గడుపుకోండి. కానీ పోసిన తేదీ గోడ మీద రాయండి. రెండోసారి రాయాల్సి వచ్చిందంటే అది ఇక ఖర్చు కాదు, హెచ్చరిక. ఎండాకాలంలో బోటు ఒడ్డున, ట్రక్కు చెట్టు కింద ఉంటాయి. రిపేరు అప్పుడు చేయించాలి, వరదలో కాదు.

వరద పనికని బోట్లు ఉంచుకునే ఆఫీసులకీ ఇదే మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో సింగ్‌నగర్ జనానికి అన్నం పొట్లాలు అందించింది, ముసలివాళ్లని బయటికి తెచ్చింది బోట్లే. ప్రతి మే నెలలో ఒక సాయంత్రం మోటారుని సగానికి లేపి, లాక్ వేయకుండా, కిందకి ఎవర్నీ పోనీయకుండా వదిలేయండి. తెల్లారి చూడండి, దిగిందా నిలబడిందా. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు. నడిపేవాళ్లకి ఆ స్క్రూ ఎక్కడుందో చేత్తో పట్టించి చూపండి.

కంపెనీలకి కూడా ఒకటి. రిపేరు చేసుకునే హక్కు మీద కేంద్రం 2022 జులైలో కమిటీ వేసినప్పుడు మొదట తీసుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. అమెరికా రైతులు కూడా ఇదే గొడవ పడితే 2023 జనవరిలో జాన్ డీర్ కంపెనీ అక్కడి రైతు సంఘంతో ఒప్పందం రాసుకుంది. మనం అడిగేది పెద్ద కోరికేం కాదు. సీల్ కొలతలు పుస్తకంలో అచ్చెయ్యండి, విడిగా అమ్మండి. పదుల రూపాయల రింగు కోసం యూనిట్ మొత్తం కొనమనొద్దు.

నా ట్రక్కు జాకీ సంగతా? ఈ వేసవిలో విప్పించా. రాడ్ మీద గోరు ఆగింది.

మీది కూడా ఒకసారి తుడిచి గీరి చూడండి. ఏం కనబడిందో కింద రాయండి.