కొలవబోతే మారిపోయే కాల్షియం

మొన్నామధ్య అర్ధరాత్రి దాకా ఒక బగ్ వెనకాల పడ్డాను. అనుమానం వచ్చిన చోట ఒక లాగ్ లైను పెట్టానా, బగ్ మాయం. తీసేశానా, మళ్ళీ ప్రత్యక్షం! చివరికి తేలిందేమిటంటే రేస్ కండిషన్, నా లాగ్ ఒక థ్రెడ్‌ని కాస్త ఆలస్యం చేస్తోంది, అంతే. ఈ ఖర్మ మనవాళ్ళకే అనుకునేవాణ్ణి. బతికున్న కణాల్లో కాల్షియం కొలిచేవాళ్ళది ఇంతకంటే పెద్ద కథ.

మామూలుగా కణం లోపల విడిగా తిరిగే కాల్షియం అయాన్లు దాదాపు 100 నానోమోలార్, అంతే. బయట దానికి పదివేల రెట్లుంటుంది. లోపల ఆ కాస్త పెరిగితేనే కండరం ముడుచుకుంటుంది. దాన్ని చూడాలంటే, కాల్షియం తగలగానే వెలుగు మారే రంగు పదార్థాన్ని కణంలోకి పంపాలి. 1980ల మొదట్లో రోజర్ చెన్ ఆ పని చేశాడు. రంగు అణువుకున్న విద్యుదావేశం కనపడకుండా ఎస్టర్ తొడుగులు వేశాడు. అది కణం పొర దాటి లోపలికి వెళ్ళాక, అక్కడి ఎంజైములే ఆ తొడుగులు కోసేస్తాయి. ఇక బయటికి రాలేదు. నాకైతే ఎంత మంచి కోడ్ చూసినా ఇంత ముచ్చటేయలేదు.

కానీ ఆయన మొదటి రంగు క్విన్-2 మసకగా వెలిగేది. అందుకని చాలా ఎక్కించాలి. ఎక్కించిన కొద్దీ అదే కాల్షియాన్ని పట్టేసుకుని, చూడాల్సిన మార్పుని అణిచేసేది. అచ్చం నా లాగ్ లైనే! 1985లో వచ్చిన ఫ్యూరా-2 దాదాపు 30 రెట్లు కాంతివంతం, కాబట్టి తక్కువ చాలు. పైగా 340, 380 నానోమీటర్ల కాంతులతో విడివిడిగా వెలిగించి నిష్పత్తి తీస్తే, రంగు ఎంతుంది, కణం లావా సన్నమా అన్న గొడవ చాలావరకు పోతుంది. పట్టేసుకునే గుణం మాత్రం తగ్గిందే గానీ పోలేదు. తర్వాతొచ్చిన జీకాంప్ లాంటి ప్రొటీన్లూ కాల్షియాన్ని పట్టుకునే వెలిగేవి మరి.

2008లో చెన్‌కి మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చింది ఆకుపచ్చ ప్రొటీన్ జీఎఫ్‌పీకి. అదీ గొప్పదే, కాదనను. నా ఓటు మాత్రం ఫ్యూరా-2కే. తను కొలిచేదాన్ని తన సాధనమే చెడగొడుతోందని తెలిసి, ఆ సాధనాన్నే బాగుచేసుకున్నాడు చూడండి, అందుకు.

ఆ ఊపులో మొన్న రివ్యూలో అడిగేశాను, "ఈ మానిటరింగ్ ఏజెంట్ తనే ఎంత సీపీయూ తింటోంది?" అని. గదిలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మా మేనేజరుగారు గొంతు సవరించుకుని, "నెక్స్ట్ స్లైడ్" అన్నారు.