టైరు మోసేది మనం, తూకం వేసేది వాళ్లా?



చచ్చిన గొడ్డును ఊరు ఎప్పుడూ మనకే అప్పగించింది. గొడ్డు బతికినన్నాళ్లు పాలు వాళ్లవి, దుక్కి వాళ్లది. చచ్చినాక కబురు మన గడపకు వచ్చేది. ఇప్పుడు ఊళ్లో గొడ్లు తగ్గినాయి, టైర్లు పెరిగినాయి. టైరు తిరిగినన్నాళ్లు బాడుగ వాళ్లది. అరిగి, పేలి, రోడ్డు పక్కన పడినాక కబురు మళ్లీ మన పాలేనికే వస్తున్నది.

మా పాలెం కుర్రాళ్లు నలుగురున్నారు. వాళ్లలో ఇద్దరు నా దగ్గర పదో తరగతి చదివినవాళ్లే. కృష్ణపట్నం రేవు రోడ్డు మీద, పదహారో నంబరు జాతీయ రహదారి మీద పంచరు అంగళ్ల ముందర పోగుపడిన పాత లారీ టైర్లు ఏరుకొచ్చి, బాడుగ ట్రాలీ ఆటోలో నెల్లూరులోని ఒక పాత సామాన్ల అంగడికి తోలుతున్నారు. ఒకనాడు సాయంత్రం నా దగ్గరకొచ్చి, "సార్, ఎన్నాళ్లని ఒకరి కింద తోలేది? మేమే ఒక చిన్న లారీ కొనుక్కుంటాం. ఎట్టా చేయాలో చెప్పండి" అన్నారు. నాకు సంతోషమేసింది. వాళ్ల వెంట నేనే బ్యాంకుకు పోయినాను.

అక్కడ అధికారి కాగితం చూడకముందే మనుషుల్ని చూసినాడు. "పాత టైర్ల యాపారానికి అప్పేందండీ? పొలం పాసుపుస్తకం ఉందా? ఊళ్లో పెద్దమనిషి ఎవరైనా జామీను ఉంటాడా?" అన్నాడు. మేం లేచి వచ్చేసినాం.

ఇంటికొస్తే మా పెద్దయ్య వేరే ప్రశ్నతో కూర్చోనున్నాడు. "అబ్బయా, మిమ్మల్ని చదివించింది ఇందుకా? ఊరి చెత్త మోసే పని మానమని కదా అంబేడ్కరు చెప్పింది? నువ్వు పంతులువై ఉండి మళ్లీ పిల్లకాయల నెత్తిన అదే పెడతావా?"

బ్యాంకు అధికారికి జవాబు చెప్పడం సులువు. పెద్దయ్యకు జవాబు చెప్పాలంటే మన చరిత్ర మనమే తిరగేసుకోవాలి.

1927 మార్చిలో మహద్ సభలో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నారు, పారేసిన మెతుకుల కోసం చేయి చాచడం మానమన్నారు. ఎందుకన్నారు? ఆ పనికి కూలి లేదు, బేరం లేదు, కాదనే హక్కు లేదు. కులాన్ని బట్టి వచ్చిన వెట్టి అది. ఆయన వద్దన్నది వెట్టిని. మన బండి మనం తోలుకొని, మన ధర మనం చెప్పి, గిట్టకపోతే పోవయ్యా అని వెనక్కి తిరిగి వచ్చే పనిని వెట్టి అనరు. ధర చెప్పే నోరు మనకు లేకపోతే మాత్రం పెద్దయ్య అన్నదే నిజం. అప్పుడది లారీ ఎక్కిన వెట్టి.

తోలు సంగతి గుర్తు తెచ్చుకోండి. కపిల బావులకు తోలు తొండాలు కుట్టింది మన తాతలు. రైతు కాలికి చెప్పు కుట్టింది వాళ్లు. కూలి ఏంది? కళ్లంలో మేర. మా నాయన పాత టైరు కోసి అడుగు వేసి, తోలు పట్టీ పెట్టి చెప్పులు కుట్టేవాడు. ఆరె పట్టి పట్టి ఆయన అరచెయ్యి కూడా టైరు మాదిరే గట్టిపడింది. మన చేతిలో ఉన్నన్నాళ్లు అది ముట్టరాని తోలు. 1948లో మద్రాసు అడయారులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ వచ్చింది. ఫ్యాక్టరీలు వచ్చినాయి, ఎగుమతులు వచ్చినాయి. తోలుకు వాసన పోయి లెదర్ అయింది. అప్పుడు అందరూ ముట్టుకున్నారు. లైసెన్సులు, మండీలు వాళ్ల చేతికి పోయినాయి. మనకు మిగిలింది చెట్టు కింద గోనెపట్ట.

టైరు విషయంలోనూ ఇప్పుడు అదే జరగబోతున్నది. అందుకే ఈ వ్యాసం.

పాత టైరు చెత్త కాదు. అందులో రబ్బరుంది, కార్బన్ నలుపుంది, అంచుల్లో ఉక్కు తీగ ఉంది. కాస్త బాగున్నదాన్ని రీబటన్ చేసి మళ్లీ తిప్పుతారు. పనికిరాని దాన్ని పొడి కొట్టి రోడ్డు తారులో కలుపుతారు, మ్యాట్లు చేస్తారు. 2022 జూలై 21న కేంద్ర ప్రభుత్వం కొత్త నియమాలు తెచ్చింది. టైర్లు తయారుచేసే, దిగుమతి చేసుకునే కంపెనీలే పాత టైర్ల రీసైక్లింగుకు బాధ్యత పడాలి. రెండేళ్ల కిందట తయారైన టైర్ల లెక్క మీద 2022-23లో 35 శాతం, 2023-24లో 70 శాతం, 2024-25లో నూటికి నూరు అని నిర్ణయించింది. కంపెనీ తనకు తాను చేయలేకపోతే రిజిస్టరైన రీసైక్లరు దగ్గర సర్టిఫికెట్ కొనుక్కోవాలి. మనకు దక్షిణాన చినపాండూరులో 2020లో మొదలైన అపోలో ఫ్యాక్టరీకైనా, ఇంకో కంపెనీకైనా చట్టం ఒకటే.

అంటే పాత టైరు ఇప్పుడు రెండుసార్లు అమ్ముడుపోతుంది. ఒకసారి రబ్బరుగా, ఇంకోసారి కాగితంగా. ఆ కాగితం రీసైక్లరు పేరున పుడుతుంది. ఎండలో పంచరు అంగడి అంగడీ తిరిగి టైరు మోసినవాడి పేరున పుట్టదు.

ఇక తూకం చూడండి. లారీ టైరు ఒకటి యాభై కిలోలు అనుకోండి. నలభై టైర్లంటే రెండు టన్నులు. "మట్టి ఉంది, లోపల నీళ్లున్నాయి" అని టైరుకు మూడు కిలోలు తరుగు తీస్తే 120 కిలోలు పోయినట్టే. రెండు టైర్లకు పైగా ఊరికే ఇచ్చినట్టు. వడ్ల కళ్లంలో పుట్టికి ఇంత తరుగు అని మనల్ని నమిలిన నోరే ఇక్కడా నములుతున్నది. కాటా ఎవరిదో లాభం వాడిది. ఈ ముక్క కూలికి పోయిన మన ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మరి ఏం చేయాలి?

మొదట, ఒంటరిగా దిగొద్దు. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద కనీసం పదిమంది కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. వేరు వేరు కుటుంబాల నుంచి రావాలి. మాల, మాదిగ అని విడిపోతే కాటా మళ్లీ వాళ్ల చేతికే పోతుంది.

రెండోది, కాగితం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైనులో ఉచితం. ఎవడికీ పైసా ఇవ్వొద్దు. పేరు ఉద్యమ్ అని ప్రభుత్వమే పెట్టింది, దాన్ని ఉద్యమం చేయడం మన పని. సరుకు ఇచ్చిన ప్రతిసారీ బిల్లు, వేబ్రిడ్జి చీటీ తీసుకోండి. ప్రైవేటు కాటాలో మనమే డబ్బు కట్టి తూకం వేయించుకొని, ఆ చీటీతోనే అంగడికి పోవాలి. సర్టిఫికెట్ ఉన్న రీసైక్లరుకే నేరుగా సరుకు ఇస్తే మధ్య దళారి పోతాడు.

మూడోది, బండి. కారు లైసెన్సుతో చిన్న లారీ నడపకూడదని దోవలో ఎవరైనా బెదిరిస్తే, 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్ఎంవీ లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిందని చెప్పండి. టైరులో బరువు కన్నా బోలు ఎక్కువ. లారీ నిండుతుంది గానీ టన్ను నిండదు. చిన్న టైరు పెద్ద టైరులో జొనిపి పేర్చాలి, వీలైతే కోసి తోలాలి. లేకపోతే లాభమంతా డీజిలు తాగేస్తుంది.

నాలుగోది, బ్యాంకు. చిన్న యూనిట్లకు 10 లక్షల లోపు అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే ఆదేశించింది. మమ్మల్ని పాసుపుస్తకం అడిగిన ఆ అధికారికి జవాబు ఇదే. 2016 ఏప్రిల్‌లో వచ్చిన స్టాండప్ ఇండియా పథకం ప్రతి శాఖా ఒక దళితుడికో ఆదివాసీకో 10 లక్షల నుంచి కోటి దాకా ఇవ్వాలన్నది. 2025తో దాని గడువు తీరింది. మీ మండలంలో ఏ శాఖ ఎంతమందికి ఇచ్చిందో సమాచార హక్కు కింద అడగండి. జవాబులు మన పత్రికకు పంపండి, అచ్చేద్దాం.

అయిదోది, వేలం. కేంద్ర శాఖలు, సంస్థలు తాము కొనే సరుకులో 4 శాతం దళిత ఆదివాసీ చిన్న యూనిట్ల దగ్గర కొనాలని 2012 ఉత్తర్వు ఉంది. అది కొనుగోళ్ల సంగతి. మరి ప్రభుత్వ బండ్ల పాత టైర్లు అమ్మేటప్పుడు మన వాటా ఏది? పెద్ద లాట్లు కట్టి, లక్షల్లో ధరావతు అడిగితే పాలెం సంఘం ఆ దరిదాపులకు పోగలదా? చిన్న లాట్లు కావాలి. మన సంఘాలకు ధరావతు మినహాయింపు కావాలి. నేలటూరు థర్మల్ కేంద్రానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టినారు. సంతోషం. బోర్డు మీద మన పేరు ఉంటే సరిపోదు, ఆ గేటు దాటే లారీల్లో కొన్ని మనవి కావాలి.

ఇంత చెప్పి రెండు షరతులు పెట్టకపోతే నేను పంతుల్నే కాదు.

ఒకటి, టైరు కాల్చొద్దు. ఇటుక బట్టీకి అమ్మొద్దు. గాలి లేకుండా టైరును మరిగించి నూనె తీసే బట్టీలున్నాయి. ఆ నూనె కోసం విదేశాల పాత టైర్లు దిగుమతి చేసుకోవడాన్ని 2022 నియమాలే నిషేధించినాయి. అంత మంచి పని అయితే నిషేధం ఎందుకు? అట్లాంటి బట్టీ మీ పాలెం పక్కన పెడతామంటే ఊరంతా అడ్డం పడండి. మన పిల్లల ఊపిరి పొగబెట్టి సంపాదించే రూపాయి మనకొద్దు. టైర్లలో వాననీళ్లు నిలిస్తే డెంగీ దోమ పుడుతుంది. పోగు మీద పట్ట కప్పండి.

రెండు, మన కింద ఇంకొకరిని పెట్టొద్దు. కాలవగట్ల మీద పాత సామాను ఏరేది యానాది పిల్లలు. వాళ్ల దగ్గర చేతి అంచనాతో కొని, మనం కాటాతో అమ్మితే మనకూ ఆ అంగడి సేటుకూ తేడా ఏముంది? వాళ్లకూ తూకం వేయాలి, వాళ్లనూ సంఘంలో చేర్చుకోవాలి.

వేలంపాట అంటే మనకు చేతకాదని ఎవరైనా అంటే దూబగుంట గుర్తు చేయండి. 1992లో అక్కడి ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరు జిల్లాలో సారా వేలంపాటల్ని పదే పదే ఆపించింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. అక్షరాలు అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఆడవాళ్లు వేలం ఆపగలిగినారు. పదో తరగతి చదివిన మన పిల్లకాయలు వేలంలో కూర్చోలేరా?

మా పెద్దయ్యకు ఇదంతా చెప్పినాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే కాటా ముందు కొనండిరా, లారీ తర్వాత" అన్నాడు. నలుగురు కుర్రాళ్లు పదిమందయ్యే పనిలో ఉన్నారు. మీ పాలెంలో ఎంతమంది?

జై భీమ్!